‘చేశారా?’ నుంచి ఇంగ్లీషు టెన్స్‌ల వరకు: తెలుగు క్రియతో మొదలుపెట్టి నేర్చుకునే పద్ధతి

ఇంటికి వచ్చినవారిని మనం ముందుగా అడిగేది “భోజనం చేశారా?” అనే. “నిన్న పెళ్లిలో భోజనం చేశారా?” అని అడిగినప్పుడు కూడా క్రియ అదే, ఒక్క అక్షరం మారదు. ఇంగ్లీషులో మాత్రం మొదటి ప్రశ్న “హ్యావ్ యూ ఈటెన్?” అవుతుంది, రెండవది “డిడ్ యూ ఈట్ ఎట్ ది వెడ్డింగ్ యెస్టర్డే?” అవుతుంది. మొదటి ప్రశ్న వేసినవారికి తెలియవలసింది మీకు ఇప్పుడు వడ్డించాలా వద్దా అన్నది. రెండవ ప్రశ్న నిన్నటితో ముగిసిపోయిన సంగతికి సంబంధించింది. తెలుగువారు ఇంగ్లీషు టెన్స్‌ల దగ్గర తడబడటానికి కారణం పన్నెండు పేర్లు కంఠస్థం కాకపోవడం కాదు, మన క్రియారూపం ఒక్కటే ఇంగ్లీషులోని రెండు మూడు రూపాల పనిని చేయడం.

బడిలో చాలామందికి పట్టిక ఇలా చెబుతారు: “ఐ ఈట్” అంటే తింటాను, “ఐ యామ్ ఈటింగ్” అంటే తింటున్నాను, “ఐ హ్యావ్ ఈటెన్” అంటే తినియున్నాను, “ఐ హ్యాడ్ ఈటెన్” అంటే తినియుంటిని. తినియున్నాను, తినియుంటిని అని మన ఇళ్లలో ఎవరూ అనరు. మనం ఎన్నడూ పలకని మాటకు జతచేసి నేర్పిన రూపం మాట్లాడవలసిన వేళకు గుర్తుకు రాదు. అందువల్ల ఈ వ్యాసంలో పట్టికతో కాక, మీరు రోజూ పలికే “చేస్తాను, చేస్తున్నాను, చేశాను, చేయలేదు” అనే రూపాలతో బయలుదేరుదాం. ఒక్కొక్క రూపాన్ని విడదీసి, అందులో ఏ ఏ ఇంగ్లీషు రూపాలు ఇమిడి ఉన్నాయో చూద్దాం. అంతకంటే ముందు రెండు పనులు పూర్తిచేసుకోవాలి.

మొదటి మెట్టు: క్రియారూపాలను చెవితో నేర్చుకోండి

ఇంగ్లీషు క్రియకు ఎక్కువలో ఎక్కువ ఐదు రూపాలు ఉంటాయి, ఒక్క “బీ” మాత్రమే దీనికి మినహాయింపు. “రైట్” అనే క్రియను తీసుకుంటే రైట్, రైట్స్, రైటింగ్, రోట్, రిటెన్ అని వస్తాయి. తరగతి గదుల్లో మూలరూపాన్ని వి1 అని, రోట్ వంటిదాన్ని వి2 అని, రిటెన్ వంటిదాన్ని వి3 అని పిలుస్తారు కాబట్టి ఇక్కడా ఆ పేర్లనే వాడుతున్నాను. ఎక్కువ క్రియలకు వి2, వి3 రెండూ ఈడీ చేర్చితే వచ్చేస్తాయి. సుమారు 200 క్రియలకు మాత్రం అలా రావు. దురదృష్టవశాత్తు రోజువారీ మాటలో ఎక్కువగా వినిపించే గో, కమ్, సీ, టేక్, గివ్, గెట్, మేక్, నో, థింక్, సే వంటివన్నీ ఈ గుంపులోనే ఉన్నాయి.

వీటిని అకారాది క్రమంలో బట్టీ పట్టవద్దు, ధ్వనిని బట్టి కుటుంబాలుగా వ్రాసుకోండి. కట్, పుట్, షట్, హిట్, కాస్ట్, హర్ట్ అనేవి మూడు చోట్లా మారవు. బ్రింగ్, బై, థింక్, టీచ్, క్యాచ్ అనేవి బ్రాట్, బాట్, థాట్, టాట్, కాట్ అని ఒకే రాగంలో మారతాయి, వీటికి వి3 కూడా అదే. సింగ్, రింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్ అనేవాటిలో మధ్య అచ్చు మారుతూ పోతుంది: సింగ్, స్యాంగ్, సంగ్, డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్. స్పీక్, స్పోక్, స్పోకెన్. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్ అనేవి మరొక కుటుంబం. కమ్, బికమ్, రన్ అనేవి వి2లో మారి వి3లో తిరిగి మొదటి రూపానికే వస్తాయి. “గో” ఏ కుటుంబానికీ చెందదు. “వెంట్” నిజానికి “వెండ్” అనే వేరొక క్రియకు చెందిన వి2, కాలక్రమంలో అది గో పక్కన వచ్చి స్థిరపడింది.

ఈ పట్టికను ఇంగ్లీషు స్పెల్లింగుతో పాటు తెలుగు లిపిలోనూ వ్రాసుకోండి అని నేను గట్టిగా చెబుతాను. ఇంగ్లీషు లిపి దాచేదాన్ని మన లిపి బయటపెడుతుంది. ఉదాహరణకు “చదువు” అనే అర్థంలో ఇంగ్లీషువారు మూడు రూపాలకూ ఒకే స్పెల్లింగు వ్రాస్తారు, కానీ పలికేది రీడ్, రెడ్, రెడ్ అని. ఈడీ విషయమూ అంతే. అది ఎక్కడా “ఎడ్” అని విస్పష్టంగా వినిపించదు. క, ప, స, ష, చ వంటి పరుషమైన ధ్వనుల తరువాత “ట్” అవుతుంది: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్. నాదంతో కూడిన ధ్వనుల తరువాత “డ్” అవుతుంది: ప్లేడ్, కాల్డ్, ఓపెన్డ్. ట, డ తరువాత మాత్రమే “ఇడ్” అని అదనంగా ఒక అక్షరం పలుకుతుంది: వాంటిడ్, నీడిడ్. తెలుగు అజంత భాష. మన మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి హల్లును మింగేయడమో, దానికొక అచ్చు తగిలించడమో మనకు అలవాటు. ఇంగ్లీషులో భూతకాలమంతా ఆ చివరి “ట్, డ్”ల మీదే నిలబడి ఉంటుంది. “ఐ వాక్ హోమ్” అని మీరు మింగేస్తే వినేవారికి రోజూ నడుస్తారని అర్థమవుతుంది, నిన్న నడిచారని కాదు.

రెండవ మెట్టు: సహాయక క్రియల గొలుసును అర్థం చేసుకోండి

పన్నెండు సూత్రాలకు బదులు మూడు సూత్రాలు చాలు. “బీ” కుటుంబంలోని మాట ఏది వచ్చినా (యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్) దాని తరువాతి క్రియకు ఐఎన్‌జీ చేరుతుంది. “హ్యావ్” కుటుంబంలోని మాట వస్తే తరువాత వి3 వస్తుంది. “డూ” కుటుంబంలోని మాట గానీ, విల్, క్యాన్, వుడ్ వంటివి గానీ వస్తే తరువాత వి1 మాత్రమే వస్తుంది. (“బీ” తరువాత వి3 కూడా రావచ్చు, కానీ అది కర్మణి ప్రయోగం, దాని సంగతి వేరు.) ఇవి కలిసి వచ్చినప్పుడు వరుస ఎప్పుడూ ఒక్కటే: ముందు విల్, తరువాత హ్యావ్, తరువాత బీ, చివర అసలు క్రియ. “షీ విల్ హ్యావ్ బీన్ వర్కింగ్” అనే పొడవైన మాటను ఈ సూత్రాలతో చూడండి. విల్ ఉంది కాబట్టి హ్యావ్ మూలరూపంలో ఉంది, హ్యావ్ ఉంది కాబట్టి బీ వి3గా మారి బీన్ అయింది, బీన్ ఉంది కాబట్టి వర్క్‌కు ఐఎన్‌జీ వచ్చింది.

ఇక్కడ మన భాషతో ఒక పోలిక ఉపయోగపడుతుంది. తెలుగులోనూ సహాయక క్రియ ఉంది. “చేస్తున్నాను” అనేది “చేస్తూ ఉన్నాను” అనే రెండు మాటల కలయిక. చేస్తూ ఉన్నాను, చేస్తూ ఉంటాను, చేస్తూ ఉండేవాడిని అని వరుసగా పలికి చూస్తే “చేస్తూ” అలాగే నిలిచి, చివరి మాట మాత్రమే కాలాన్ని బట్టి మారుతున్నదని తెలుస్తుంది. తెలుగులో కాలం చివరి మాట మీద ఉంటుంది, ఇంగ్లీషులో మొదటి మాట మీద ఉంటుంది. “ఈజ్ వర్కింగ్” భూతకాలానికి వెళితే “వాజ్ వర్కింగ్” అవుతుంది, “హ్యాజ్ బీన్ వర్కింగ్” అనేది “హ్యాడ్ బీన్ వర్కింగ్” అవుతుంది. మొదటి మాట తప్ప మిగిలినవేవీ కదలవు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే “ఐ డిడ్ నాట్ వెంట్”, “డిడ్ యూ సా?” వంటి పొరపాట్లు వాటంతట అవే తొలగిపోతాయి. కాలాన్ని “డిడ్” మోస్తున్నప్పుడు తరువాతి క్రియ దాన్ని మళ్లీ మోయనవసరం లేదు కాబట్టి “ఐ డిడ్ నాట్ గో”, “డిడ్ యూ సీ?” అనాలి.

మూడవ మెట్టు: “చేస్తాను”ను రెండుగా విడదీయండి

మన వ్యాకరణాలు “చేస్తాను” వంటి రూపాన్ని తద్ధర్మం కింద చెబుతాయి. అలవాటు, స్వభావం, రాబోయే పని అన్నీ అందులో ఒదిగిపోతాయి. ఇంగ్లీషులో వీటికి వేరువేరు రూపాలు ఉన్నాయి కాబట్టి, మీ వాక్యం ముందు “రోజూ” అనే మాట పెట్టి చూడండి, తరువాత “రేపు” అనే మాట పెట్టి చూడండి. “అమ్మకు ఫోన్ చేస్తాను” అన్నప్పుడు మీ ఉద్దేశానికి “రోజూ” సరిపోతే “ఐ కాల్ మై మదర్” అనాలి. “రేపు” సరిపోతే “ఐ విల్ కాల్ మై మదర్” అనాలి.

“రోజూ” వైపు వెళ్లినప్పుడు ఒక్క జాగ్రత్త కావాలి. హీ, షీ, ఇట్ అని చెప్పదగిన కర్త వస్తే క్రియకు ఎస్ చేర్చాలి. మన క్రియలు చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తుంది, చేస్తారు అని ప్రతి కర్తకూ మారతాయి, అందుకే మనం కర్తను చెప్పకపోయినా అర్థమవుతుంది. ఇంగ్లీషులో వర్తమాన క్రియకు ఆ మార్పుల్లో మిగిలింది ఈ ఒక్క ఎస్ మాత్రమే. దీన్ని మరచిపోవడానికి మనకొక ప్రత్యేకమైన కారణం కూడా ఉన్నది. “నాన్నగారు వస్తారు, టీచరుగారు చెబుతారు” అని గౌరవంతో బహువచనం వాడతాం. ఆ గౌరవం ఇంగ్లీషు క్రియలో కనిపించదు. ఎంతటి పెద్దవారైనా ఒక్కరే అయితే “మై ఫాదర్ కమ్స్”, “మై టీచర్ సేజ్” అనే చెప్పాలి. (ఈ రెండవదాన్ని “సెజ్” అని పలుకుతారు.)

“రేపు” వైపు దారి మళ్లీ చీలుతుంది. కాలింగ్ బెల్ మోగితే అప్పటికప్పుడు “నేను తీస్తాను” అంటాం, ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయానికి, ఇచ్చే మాటకు “ఐ విల్ గెట్ ఇట్” అని విల్ వస్తుంది. “వచ్చే ఏడాది ఇల్లు కడతాం” అని ముందే అనుకొని ఉంటే “వీ ఆర్ గోయింగ్ టు బిల్డ్ ఎ హౌస్” అనాలి. టికెట్టు కొని, ఏర్పాటు పూర్తయి ఉంటే మనమే “రేపు విజయవాడ వెళ్తున్నాను” అని చేస్తున్నాను రూపంలోకి మారతాం. ఇంగ్లీషూ అదే చేస్తుంది: “ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో.” ఈ చోట రెండు భాషల మనసు ఒక్కటే కాబట్టి మీ తెలుగును నమ్మి ముందుకు వెళ్లవచ్చు. రైళ్లు, పరీక్షలు వంటి ముందే అచ్చయిన వేళలకు మాత్రం “ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్” అని వర్తమానమే వాడతారు.

నాలుగవ మెట్టు: “చేస్తున్నాను” అన్నచోటల్లా ఐఎన్‌జీ పెట్టవద్దు

ఇప్పుడు జరుగుతున్న పనికి, కొద్దికాలం సాగే పనికి యామ్, ఈజ్, ఆర్ తరువాత ఐఎన్‌జీ సరిపోతుంది. తప్పులు ఎక్కువగా వచ్చేది తెలియడం, కావాలనుకోవడం, కలిగి ఉండడం వంటి స్థితుల దగ్గర. “ఐ యామ్ నోయింగ్ హిమ్”, “ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్” అనే వాక్యాలు మన దగ్గర తరచుగా వినిపిస్తాయి. ఇక్కడ మీకు సాయం చేసేది మీ తెలుగే. “నాకు ఆయన తెలుసు”, “నాకు ఇద్దరు కొడుకులు ఉన్నారు”, “నాకు కాఫీ కావాలి”, “నాకు ఇష్టం” అని అంటామే తప్ప వీటికి చేస్తున్నాను రూపం తగిలించం. మనకు రానిచోట వారికీ రాదు: “ఐ నో హిమ్”, “ఐ హ్యావ్ టూ సన్స్”, “ఐ వాంట్ కాఫీ”, “ఐ లైక్ ఇట్”.

ఈ సూత్రం పనిచేయని మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. అర్థమవుతోంది, వినిపిస్తోంది, కనిపిస్తోంది, అనిపిస్తోంది అని మనం అంటాం. ఇంగ్లీషులో వీటికి ఐఎన్‌జీ రాదు. “మీరు చెప్పేది అర్థమవుతోంది” అంటే “ఐ అండర్‌స్టాండ్”. ఫోనులో “వినిపిస్తోందా?” అంటే “క్యాన్ యూ హియర్ మీ?”. “కొండ కనిపిస్తోంది” అంటే “ఐ క్యాన్ సీ ది హిల్”. “వాన వస్తుందనిపిస్తోంది” అంటే “ఐ థింక్ ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్”.

“చేస్తున్నాను”లో దాగిన మూడవ అర్థం అన్నిటికంటే ముఖ్యమైనది. “పదేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను” అన్నప్పుడు పని గతంలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. తెలుగులో ఉంటున్నాను అని ఉంది కదా అని “ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ టెన్ ఇయర్స్” అనేస్తాం. అందులో రెండు తప్పులు ఉన్నాయి. గతాన్నీ వర్తమానాన్నీ కలిపే పనికి హ్యావ్ కావాలి కాబట్టి “ఐ హ్యావ్ బీన్ లివింగ్” అనాలి. రెండవది “నుంచి” అనే మాట వల్ల వచ్చేది. మనం “పదేళ్ల నుంచి” అంటాం, “2015 నుంచి” అని కూడా అంటాం. “నుంచి”కి ముందు ఉన్నది కాలం కొలత అయితే “ఫర్” వాడాలి, మొదలైన క్షణమో తేదీయో అయితే “సిన్స్” వాడాలి. “ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” అని గానీ, “సిన్స్ 2015” అని గానీ చెప్పండి.

ఐదవ మెట్టు: “చేశాను”ను ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నతో పరీక్షించండి

అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చదవండి. మీ వాక్యంలో “ఎప్పుడు?” అనే ప్రశ్నకు జవాబు ఉంటే, అంటే నిన్న, పోయిన వారం, 2019లో, చిన్నప్పుడు అని ముగిసిపోయిన కాలం చెబుతుంటే వి2 వాడండి. అలాంటి జవాబు లేకుండా, జరిగిన పని వల్ల ఇప్పుడు ఏమైంది అన్నదే ముఖ్యమైతే హ్యావ్ పెట్టి వి3 వాడండి. “నిన్న తాళంచెవి పోగొట్టుకున్నాను” అంటే “ఐ లాస్ట్ మై కీ యెస్టర్డే”. తలుపు ముందు నిలబడి “తాళంచెవి పోగొట్టుకున్నాను” అంటే “ఐ హ్యావ్ లాస్ట్ మై కీ”. రెండవ మాటలో తాళంచెవి ఎప్పుడు పోయిందన్నది కాక, ఇప్పుడు లోపలికి వెళ్లలేకపోతున్నాను అన్నదే విషయం. అందుకే “ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే” అనేది తప్పు. యెస్టర్డే అన్న మాట వచ్చిన వెంటనే హ్యావ్ తప్పుకోవాలి.

మన భాష ఇచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. తినేశాను, వ్రాసేశాను, వచ్చేశాడు వంటి “ఏశాను” రూపాలు పని పూర్తయిందని నొక్కి చెబుతాయి కాబట్టి, నిన్న, మొన్న వంటి మాట లేనంతవరకు తరచుగా హ్యావ్ వైపే వెళతాయి: “ఐ హ్యావ్ ఫినిష్డ్ మై వర్క్.” ఇప్పుడే, ఇప్పటికే, ఇంతవరకు, ఎప్పుడైనా అనే మాటలు ఉన్నప్పుడూ అంతే. “ఎప్పుడైనా తిరుమల వెళ్లారా?” అంటే “హ్యావ్ యూ ఎవర్ బీన్ టు తిరుమల?”. దానికి జవాబుగా “వెళ్లాను, పోయినేడు వెళ్లాను” అని చెప్పేటప్పుడు ఒక్క మాటలోనే రూపం మారుతుంది: “యెస్, ఐ హ్యావ్. ఐ వెంట్ లాస్ట్ ఇయర్.” ఈ మార్పిడిని నోటికి పట్టేదాకా పదిసార్లు పలికి చూడండి. టెన్స్‌లలో సగం చిక్కు ఈ రెండు చిన్న వాక్యాల మధ్యనే ఉందని నా అభిప్రాయం.

“వెళ్లాడు, వెళ్లొచ్చాడు” అనే తేడా మనకు బాగా తెలుసు. ఇంగ్లీషు దీన్ని గాన్, బీన్ అనే రెండు మాటలతో చెబుతుంది. “హీ హ్యాజ్ గాన్ టు బెంగళూరు” అంటే వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. “హీ హ్యాజ్ బీన్ టు బెంగళూరు” అంటే వెళ్లొచ్చాడు. అలాగే, హ్యావ్ అనేది వర్తమానంతో ముడిపడి ఉంటుంది కాబట్టి, జీవించి లేనివారి జీవితకాలపు పనులకు దాన్ని సాధారణంగా వాడరు. 1915లో మరణించిన గురజాడ అప్పారావు గురించి “హీ రోట్ పోయెమ్స్ అండ్ ప్లేస్” అనాలి, “హీ హ్యాజ్ రిటెన్” అనకూడదు. ఇప్పుడు వ్రాస్తున్న కవి గురించి అయితే “హ్యాజ్ రిటెన్” సరిగ్గా సరిపోతుంది.

ఒక్కోసారి మనం జరగనిదాన్నే జరిగినట్టు చెబుతాం. రోడ్డు మలుపులో కనిపించగానే “బస్సు వచ్చేసింది” అంటాం, బస్సు ఇంకా ఆగి ఉండదు. ఇంగ్లీషులో దీన్ని భూతకాలంలో చెప్పరు, “ది బస్ ఈజ్ కమింగ్” అని గానీ, “హియర్ కమ్స్ ది బస్” అని గానీ అంటారు. ఇంకొక సంగతి అమెరికాలో ఉన్నవారికి, అక్కడివారితో ఫోనులో పనిచేసేవారికి అవసరమవుతుంది. బ్రిటిష్ వాడుకలో “హ్యావ్ యూ ఈటెన్ యెట్?”, “ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్” అనే చోట్ల అమెరికన్లు మాటలో తరచుగా “డిడ్ యూ ఈట్ యెట్?”, “ఐ జస్ట్ ఏట్” అంటారు. అది తప్పు కాదు, అక్కడి వాడుక. పరీక్షల కోసం చదివేవారు మాత్రం మొదటి పద్ధతినే పట్టుకోవడం క్షేమం.

ఆరవ మెట్టు: గతంలో రెండు పనులు కలిసినప్పుడు

“వంట చేస్తుంటే కరెంటు పోయింది” వంటి వాక్యంలో “చేస్తుంటే, చేస్తుండగా” అనే రూపం సాగుతున్న పనిని చూపుతుంది, రెండవ క్రియ దాన్ని అడ్డుకున్న పనిని చూపుతుంది. మొదటిదానికి వాజ్ లేక వర్ పెట్టి ఐఎన్‌జీ, రెండవదానికి వి2: “ఐ వాజ్ కుకింగ్ వెన్ ది పవర్ వెంట్ అవుట్.” “నేను స్టేషనుకు చేరేసరికి రైలు వెళ్లిపోయింది” అన్నప్పుడు “చేరేసరికి” అనే మాటే మీకు సూచన. అప్పటికే జరిగిపోయిన పనికి హ్యాడ్ పెట్టి వి3 వాడాలి: “బై ది టైమ్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్.”

ఈ హ్యాడ్‌ను మనవాళ్లు అవసరానికి మించి వాడతారు. “ఐ హ్యాడ్ గాన్ టు ఢిల్లీ లాస్ట్ వీక్” అని ఉత్తరాల్లోనూ ఈమెయిళ్లలోనూ తరచుగా కనిపిస్తుంది. పోల్చడానికి గతంలో మరొక పని లేనప్పుడు హ్యాడ్‌కు పనిలేదు, “ఐ వెంట్” చాలు. లేచాను, స్నానం చేశాను, ఆఫీసుకు వెళ్లాను అని జరిగిన వరుసలోనే చెబుతున్నప్పుడు కూడా మూడూ వి2లోనే ఉండాలి, వరుసే కాలాన్ని చెబుతుంది. ఇక “చిన్నప్పుడు రోజూ చెరువులో ఈత కొట్టేవాణ్ని” అనే పాత అలవాటుకు “ఐ యూస్డ్ టు స్విమ్” అనే రూపం ఉంది. కొట్టేవాణ్ని, వెళ్లేదాన్ని అనే తెలుగు రూపం కనిపించిన చోట యూస్డ్ టు పెట్టి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

ఏడవ మెట్టు: “లేదు”ను, ప్రశ్నను సరిచూసుకోండి

తెలుగు వ్యతిరేక రూపాలు మూడింటిని పక్కపక్కన పెట్టుకోండి. “చేయను” అంటే అలవాటైతే “ఐ డోంట్”, రాబోయేదైతే “ఐ వోంట్”. “చేయడం లేదు” అంటే “ఐ యామ్ నాట్ డూయింగ్”. “చేయలేదు” అనేది “చేశాను”లాగే రెండుగా చీలుతుంది. “నిన్న రాలేదు” అంటే “హీ డిడ్ నాట్ కమ్ యెస్టర్డే”. “ఇంకా రాలేదు” అంటే “హీ హ్యాజ్ నాట్ కమ్ యెట్”. “ఇంకా” అనే మాట మీ వాక్యంలో ఇమిడితే హ్యావ్, ఇమడకపోతే డిడ్ అని పెట్టుకోండి.

ప్రశ్న వేయడానికి మనం చివరి అక్షరాన్ని దీర్ఘం చేస్తాం: వచ్చాడు, వచ్చాడా? ఇంగ్లీషులో మొదటి సహాయక క్రియ కర్తకు ముందుకు జరుగుతుంది: “హీ ఈజ్ కమింగ్”, “ఈజ్ హీ కమింగ్?”. సహాయక క్రియ లేని వాక్యమైతే డూ, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని తెచ్చుకోవాలి. కాబట్టి “ఎక్కడికి వెళ్లావు?” అనేది “వేర్ యూ వెంట్?” కాదు, “వేర్ డిడ్ యూ గో?” అవుతుంది. కర్త ఎవరన్నదే ప్రశ్న అయినప్పుడు డిడ్ అవసరం లేదు, “ఎవరు వచ్చారు?” అంటే “హూ కేమ్?”.

ఎనిమిదవ మెట్టు: “వస్తే, చేరాక, అని” వచ్చే వాక్యాలు

“ఊరు చేరాక ఫోన్ చేస్తాను” అనే వాక్యంలో “చేరాక” మీద కాలం గుర్తు లేదు, “చేస్తాను” ఒక్కటే భవిష్యత్తును చూపుతోంది. ఇంగ్లీషులోనూ విల్ ఒక్కసారే వస్తుంది: “ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్.” “వెన్ ఐ విల్ రీచ్” అనడం తప్పు. “వానొస్తే రాను” అన్నా అంతే: “ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్.” వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్ అనే మాటల వెంట వచ్చే ముక్కలో విల్ వ్రాశారేమో ఒకసారి సరిచూసుకోండి.

“అని” దగ్గర మాత్రం రెండు భాషలూ విడిపోతాయి. “వస్తానని చెప్పాడు” అన్నప్పుడు ఆ మనిషి పలికిన “వస్తాను” అనే మాటను ఉన్నదున్నట్టు ఉంచి “అని” తగిలిస్తాం. ఇంగ్లీషులో చెప్పాడు అనేది గతం కాబట్టి లోపలి క్రియ కూడా సాధారణంగా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది: “హీ సెడ్ హీ వుడ్ కమ్.” “పనిలో ఉన్నానని చెప్పింది” అంటే “షీ సెడ్ షీ వాజ్ బిజీ”. ఇక్కడ “నేను” అనేది షీ అయిపోవడం కూడా గమనించండి.

తొమ్మిదవ మెట్టు: రోజూ చేయవలసిన సాధన

కల్పించిన వాక్యాలతో కాక, ఆ రోజు మీరు నిజంగా పలికిన తెలుగు వాక్యాలతో సాధన చేయండి. రాత్రి పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో అయిదారు వాక్యాలు వ్రాసి, ప్రతి క్రియ కిందా గీత గీసి, అది రోజూదా రేపటిదా, ఎప్పుడు అనే ప్రశ్నకు జవాబు ఉందా లేదా, ఇంకా అనే మాట ఇముడుతుందా అని పక్కన రాసుకొని, ఆ తరువాతే ఇంగ్లీషులోకి మార్చండి. ఉదాహరణకు ఈ ముక్క చూడండి: “మా తమ్ముడు చెన్నైలో పనిచేస్తాడు. మూడేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. నిన్న ఊరికి వచ్చాడు. మేం బస్టాండుకు వెళ్లేసరికి ఆటో ఎక్కేశాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఇంకా భోజనం చేయలేదు. లేచాక చేస్తాడు.”

“పనిచేస్తాడు” అనేది రోజూ జరిగేది, కర్త హీ, కాబట్టి “మై బ్రదర్ వర్క్స్ ఇన్ చెన్నై”. “మూడేళ్లుగా ఉంటున్నాడు” అనేది గతం నుంచి ఇప్పటిదాకా సాగుతున్నది, మూడేళ్లు కొలత, కాబట్టి “హీ హ్యాజ్ బీన్ లివింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్”. “నిన్న” ఉంది కాబట్టి “హీ కేమ్ హోమ్ యెస్టర్డే”. “వెళ్లేసరికి” ఉంది కాబట్టి “బై ది టైమ్ వీ రీచ్డ్ ది బస్ స్టాండ్, హీ హ్యాడ్ గాట్ ఇంటు యాన్ ఆటో”. ఇక్కడ “ఎక్కేశాడు” అనే “ఏశాను” రూపం ఉన్నా అది నిన్నటి సంగతి కాబట్టి హ్యాజ్ కాక హ్యాడ్ వచ్చింది. ఇప్పుడు జరుగుతున్నది “హీ ఈజ్ స్లీపింగ్ నౌ”. “ఇంకా” ఉంది కాబట్టి “హీ హ్యాజ్ నాట్ ఈటెన్ యెట్”. “లేచాక” వచ్చే ముక్కలో విల్ ఉండదు కాబట్టి “హీ విల్ ఈట్ ఆఫ్టర్ హీ వేక్స్ అప్”. దీన్ని మూడుసార్లు పైకి చదివి, తమ్ముడి స్థానంలో అక్కాచెల్లెళ్లను పెట్టి మార్చండి, తరువాత మిమ్మల్నే పెట్టుకొని ఐతో మార్చండి. వర్క్స్, హ్యాజ్, ఈజ్, వేక్స్ అనే నాలుగు మాటలూ ఆ చివరి మార్పులో ఎలా మారుతాయో నోటుపుస్తకంలో వ్రాసి చూసుకోండి.